ఎక్కని వాళ్ళ గడి

పోయిన వారం చంద్రపూర్ నుంచి నాకొక అట్టపెట్టె వచ్చింది. మూత తీయగానే పాత కాగితం వాసన, దాని అడుగున కాస్త నూనె వాసన. లోపలున్న పాత టికెట్టు పుస్తకం తీసేసరికి మూడు వేళ్ళ కొనలు ఎర్రబడ్డాయి. ఇప్పటి పిల్లలకు విమానం టికెట్టంటే ఫోన్లో కనబడే నలుపు చుక్కల చదరం. మా రోజుల్లో అదొక పొడుగాటి చిన్న పుస్తకం. ప్రతి ఆకు వెనుకా ఎర్రటి కార్బన్ పూత ఉండేది. పై ఆకు మీద గట్టిగా నొక్కి రాస్తే కింది ఆకులన్నింటి మీదికీ దిగేది. సాయంత్రానికి నా వేళ్ళు గోరింటాకు పెట్టుకున్నట్టు ఉండేవి. సబ్బుకు పోయేది కాదు. "ఏం రా సురేందర్, పెండ్లి కొడుకు లెక్క తయారైనవ్" అని లింగయ్య సేటు రోజూ నవ్వేవారు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ కార్బన్ ఇంకా అంటుతోంది. పెట్టె పంపింది ఆయన కొడుకు. ఆయన పోయి నాలుగు నెలలైంది.

లింగయ్య సేటును మీలో చాలామంది చూసి ఉండరు. చూసినవాళ్ళలో కొందరు మాత్రం ఆయన గురించి ఒక మాట చాలా ఏళ్ళు అనుకున్నారు. బీద బొగ్గుగని మనుషుల విమానం ఫీజు తిన్నాడని. ఆ మాట పుట్టింది నా నోట్లోంచి. అది అబద్ధమని ఆయన బతికుండగానే పదిమందిలో చెప్పగలిగాను కాబట్టే ఈ రోజు ఇది నెమ్మదిగా కూర్చుని రాయగలుగుతున్నాను. చంద్రపూర్‌లో చెప్పింది అక్కడి బజారు వరకే వినబడింది. ఆ మాట అప్పట్లో బల్లార్‌పూర్ దాకా, భద్రావతి దాకా వెళ్ళింది. అందుకే రాతలో పెడుతున్నాను.

మాది రాజురా తాలూకాలో పత్తి పండించే కుటుంబం. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. బీకాం అయ్యాక పని వెతుక్కుంటూ చంద్రపూర్ వచ్చాను. గోల్ బజార్‌లో లింగయ్య సేటుకు స్టీలు గిన్నెల దుకాణం ఉండేది. కొత్త శతాబ్దం అప్పుడే మొదలైంది. పేపర్ మిల్లు అధికారులు, గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీల ఇంజనీర్లు నాగపూర్ వెళ్ళి విమానాలు ఎక్కడం ఎక్కువైంది. సేటు దుకాణంలో ఒక మూల బల్ల వేసి, నాగపూర్‌లోని పెద్ద ఏజెన్సీ తరఫున టికెట్లు రాయడం మొదలుపెట్టారు. విమానం దిగని ఊళ్ళో విమానం దుకాణమేమిటని ఆయన తమ్ముళ్ళే నవ్వారు. "చేపలు చెరువుల ఉంటయి, అమ్మేది బజార్ల" అని ఆయన జవాబు. ఆయనకు తెలుగు, మరాఠీ చదవడం వచ్చు. ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు కోసం నన్ను పెట్టుకున్నారు.

చేరిన మొదటి వారమే టికెట్టు మీద వేలు పెట్టి అడిగారు. "చార్జీ సమజైంది. గీ కింది గడి ఏంది?"

"ప్రయాణికుల ఫీజు సేటూ. విమానాశ్రయానికి పోతది."

"వాళ్ళ పైస వాళ్ళు తీసుకోక మనమెందుకు తీస్తున్నం?"

నాకు తెలిసినంత చెప్పాను. అక్కడి నేలకు, దీపాలకు, తనిఖీ చేసే జవాన్లకు అయ్యే ఖర్చు ప్రయాణికుల దగ్గరే తీస్తారు. కానీ గేటు దగ్గర మనిషిని నిలబెట్టి వసూలు చేయరు. టికెట్టు రాసేటప్పుడే మేం వేరే గడిలో రాసి తీసుకుంటాం. అది నాగపూర్ ఏజెన్సీకి, అక్కడి నుంచి విమాన కంపెనీకి వెళుతుంది. నెల తిరిగాక కంపెనీ ఎంతమంది ఎక్కారో లెక్క చెప్పి విమానాశ్రయానికి కడుతుంది. సేటు అంతా విని తల పంకించి, "అంటే ధర్మాదా అన్నట్టు" అన్నారు.

ధర్మాదా అంటే మా బజారు వాళ్ళకు వివరించనక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పాలి. సరుకు కొన్న ప్రతి బిల్లు మీదా చివర కొన్ని పైసలు ధర్మం కింద రాస్తారు. కొన్నవాడు ఇస్తాడు, దుకాణదారు తీసి వేరే పెట్టెలో వేస్తాడు. దీపావళికి అందరి పెట్టెలూ ఒకచోట విప్పి గోశాలకు, చలివేంద్రాలకు, పేద పిల్లల హాస్టలుకు పంచుతారు. అందరి ధర్మాదా చేరే పెద్ద పెట్టె, దాని తాళంచెవి పదిహేనేళ్ళుగా లింగయ్య సేటు దగ్గరే ఉండేవి. ఎన్నికా లేదు, జీతమూ లేదు. బజారు ఆయన దగ్గర పెట్టింది, ఆయన ఉంచుకున్నారు. ఆయనకు ఊళ్ళో ఉన్న గౌరవమంతా మొలతాడుకు కట్టుకున్న ఆ ఇత్తడి తాళంచెవే.

ధర్మాదా చిట్టా ఆయన తెలుగులో రాసేవారు. నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, అక్షరాలు రావు. "అమ్మ భాష కాయిదం మీద కనబడితే గుర్తుపట్టకపోతే ఎట్ల రా" అని ఆ చిట్టా ముందేసి, గోశాల అన్న మాటతో నాకు 'గ' నేర్పించారు. ఈ నాలుగు వాక్యాలు రాస్తున్న అక్షరాలు కూడా ఆయన పెట్టినవే.

ఒకసారి సిమెంటు ఫ్యాక్టరీ అధికారి ఒకాయన బేరం మొదలుపెట్టాడు. ఏడాదికి ఇన్ని టికెట్లు కొంటున్నాం, ఆ కింది ఫీజు మాఫ్ చేయమన్నాడు. సేటు చేతులు జోడించారు. "సాబ్, మా కమీషన్ల కెల్లి ఎంతంటే అంత తగ్గిస్త. గది మాత్రం నేను ముట్ట. మీరు నడిచే నున్నటి బండలది గా పైస." అధికారి నవ్వి పూర్తిగా ఇచ్చాడు. అతను వెళ్ళాక సేటు నాతో, "చేతులకెల్లి పోయే పైస చేతిది గాదు" అన్నారు.

ఇంకొక అలవాటు కూడా చెప్పాలి, కథంతా దాని మీదే తిరిగింది కాబట్టి. ఎవరైనా గిన్నె వాపసు తెస్తే సేటు గిన్నె ధర పైసాతో సహా ఇచ్చేవారు, ధర్మాదా ఇచ్చేవారు కాదు. అది బజారు రివాజు. "ధర్మం చేసినంక మల్ల అడుగుతరా" అంటే అడిగినవాళ్ళే సిగ్గుపడేవారు. టికెట్టు రద్దు చేసుకున్నవాళ్ళకు కూడా మొదట్లో అలాగే చెప్పేవారు. చార్జీ వాపసు, ఫీజు వాపసు లేదు. నాగపూర్ వాళ్ళూ ఏమీ అనలేదు. ఇద్దరం అదే సరైనదనుకున్నాం.

నేను చేరిన రెండో ఏడాది వానాకాలంలో పోశెట్టి కాక వచ్చాడు. బల్లార్‌పూర్ గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసి, ముందుగా రిటైరైతే వచ్చే డబ్బు తీసుకుని బయటపడినవాడు. తనతోపాటు అలాగే బయటపడ్డ పదిహేడు మందిని కూడగట్టాడు.

"సేటూ, భూమి కింద శానేండ్లున్నం. ఒక్కపారి మీదికెల్లి సూస్తం. నాగపూర్ల ఎక్కి బంబైల దిగుతం. వచ్చేటప్పుడు రైలే" అన్నాడు.

"కిటికీ కాడి సీటు అందరికీ దొరకది మరి."

"గనిల కిటికీ యాడుండె సేటూ? ఎట్లున్న పర్వలే."

ముందుగా కొంటే చవగ్గా ఇచ్చే టికెట్లు అప్పుడే వచ్చాయి. ఎక్కకపోతే చార్జీ వాపసు రాదు, అదొక్కటే షరతు. పద్దెనిమిది టికెట్లు రాశాను. సేటు ఒక్కొక్కరి చేత కింది గడి మీద వేలు పెట్టించి, "గిది ఫీజు, గిది మాది గాదు" అని చెప్పి డబ్బు తీసుకున్నారు.

బయలుదేరిన రోజు వరోరా దాటాక వాగు రోడ్డు మీదికి వచ్చింది. బస్సు అయిదు గంటలు ఆగిపోయింది. వాళ్ళు విమానాశ్రయం చేరేసరికి విమానం వెళ్ళిపోయింది. తరువాత ఇంకో విమానం దిగుతుంటే కంచె పట్టుకుని చూసి తిరిగి వచ్చారు. సేటు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వాన వల్ల జరిగిందని, దయతలచి చార్జీ ఇవ్వమని కంపెనీకి రాద్దామన్నారు. టికెట్టుకొక వాపసు ఫారం, ఫారానికి నాలుగు ప్రతులు. గురు, శుక్రవారాలు కూర్చుని పద్దెనిమిదీ నింపాను. ఏడో గడి ఫీజుది. అలవాటు ప్రకారం ఖాళీగా వదిలాను.

శనివారం మధ్యాహ్నం నాగపూర్ నుంచి కొరియర్ వచ్చింది. ప్రతి శనివారం వచ్చిన ఇంగ్లీషు కాగితాలు సేటుకు తెలుగులో చదివి చెప్పడం నా పని. అందులో ఒక కాగితం ఉంది. ఎక్కని ప్రయాణికుడి ఫీజు విమానాశ్రయానికి చెందదు, కంపెనీకీ చెందదు, చార్జీ వాపసు లేని టికెట్టయినా ఫీజు ప్రయాణికుడికి తిరిగి ఇవ్వాలి, ఏడో గడిలో వేరుగా రాయాలి, ఖాళీగా పంపితే తరువాత పరిశీలించరు.

చదివాను. బాగా అర్థమైంది. సోమవారం నాగపూర్‌లో నాకు ఇంటర్వ్యూ ఉంది, విమానాశ్రయం లెక్కల విభాగంలో ఉద్యోగానికి. ఆదివారం పొద్దున్నే రైలు. ఏడో గడి నింపితే మొత్తాలు మారతాయి, దిద్దిన ఫారం తీసుకోరు, పోస్టు చేయడానికి సోమవారమే ఆఖరు రోజు. పద్దెనిమిది ఫారాలు, డెబ్భై రెండు ప్రతులు మళ్ళీ రాయాలంటే ఆ రైలు పోతుంది. కాగితం సేటుకు చూపిస్తే రాయమంటారు. కాగితాన్ని మడిచి నా సర్టిఫికెట్ల ఫైలులో పెట్టుకున్నాను. సేటు బల్ల దగ్గరకు వచ్చి, "ఏమన్న వచ్చిందా?" అంటే, "ఏం లేదు సేటూ, టైం టేబుల్లు మారినయి" అన్నాను. ఫారాలు అలాగే కవరులో పెట్టి పోస్టు చేశాను.

ఉద్యోగం వచ్చింది. చేరడానికి ఇంకా వారం ఉందనగా, దసరా వెళ్ళిన తరువాతి ఆదివారం, పోశెట్టి కాక అల్లుడిని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. వెనక మిగతావాళ్ళు కూడా. అల్లుడు నాగపూర్‌లో ఎక్కడో బ్యాంకులో చేసేవాడు. కంపెనీలో కనుక్కున్నాడట, చార్జీ ఇవ్వరు గాని ఫీజు ఇవ్వాల్సిందేనని, మన ఏజెంటు అడగనే లేదని.

"అడగనోడు ఊకె ఇడిసిపెడతడా మామా? మనకు రాదని చెప్పి తను తెప్పిచ్చుకుంటడు" అన్నాడు అల్లుడు, అందరికీ వినబడేలా. పక్క దుకాణాల వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు.

సేటు నా వైపు తిరిగారు. గొంతులో అనుమానం లేదు, అడగడం మాత్రమే. "సురేందర్, గిట్ల కాయిదం ఏమన్న వచ్చిందా మనకు?"

ఫైలు నా సంచిలోనే ఉంది. "నాకెరుక లేదు సేటూ" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. "ధర్మాదా వాపసు ఇయ్యరని మీరే చెప్తిరి గదా. గందుకే గడి ఖాళీ ఇడిసిన."

"ఇన్నరా? సేటే ఇడిసిపెట్టుమన్నడట" అన్నాడు అల్లుడు.

 లింగయ్య సేటు సొంత గల్లా తీసి పద్దెనిమిది మందికీ ఫీజు లెక్కపెట్టి ఇచ్చారు. పోశెట్టి కాక తీసుకుంటూ, "పైసల కోసం గాదు సేటూ. నీ మాట మీద వేలు వెట్టినం" అన్నాడు. సేటు, "అవు, నా మాటే" అన్నారు.

ఇవ్వడమే ఆయనకు కీడైంది. తినకపోతే ఎందుకిస్తాడని బజారు అంది. దీపావళికి ముందే ధర్మాదా కమిటీ వాళ్ళు వచ్చి, మర్యాదగానే, పెట్టె బట్టల దుకాణానికి మారుద్దామన్నారు. సేటు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, పైపంచె కొసతో పెట్టె తుడిచి ఇచ్చారు. నేను అప్పటికి నాగపూర్‌లో ఉన్నాను. తుడిచిన సంగతి తరువాత విన్నాను. ఏడాదిలో టికెట్ల బల్ల కూడా తీసేశారు. నన్ను పంపేటప్పుడు బస్టాండు దాకా వచ్చి ఆయన చెప్పిన మాట ఒకటే. "అక్కడ పెద్ద లెక్కలుంటయి బిడ్డా. ఎవని పైస ఏదో ముందుగాల అడుగు. లెక్క తరువాత రాయి."

నాగపూర్‌లో నా పని ఇదే, ఈ రోజు వరకూ ఇదే. నెల తిరగగానే విమాన కంపెనీలు లెక్క పంపుతాయి. ఎంతమంది ఎక్కారు, అందులో చంటిపిల్లలెంతమంది, సిబ్బంది ఎంతమంది, దిగకుండా అదే విమానంలో ముందుకు పోయినవారెంతమంది. వాళ్ళను తీసేసి మిగిలినవాళ్ళ ఫీజు మాకు కట్టాలి. వసూలు చేసిపెట్టినందుకు కంపెనీకి కొంత ముడుతుంది. మేం తలుపు దగ్గర లెక్కించిన తలలతో దాన్ని సరిచూస్తాం. టికెట్టు కొని ఎక్కని వాళ్ళు ఆ లెక్కలో ఎక్కడా ఉండరు. వాళ్ళ డబ్బు కంపెనీ దగ్గరే ఉండిపోతుంది, ఎవరూ అడగకపోతే. ప్రతి నెలా ఆ కాగితం ముందు కూర్చుని పద్దెనిమిది మందిని లెక్కపెట్టుకునేవాణ్ణి. ప్రమోషన్లు వచ్చాయి. చంద్రపూర్ మీదుగా వెళ్ళే రైలెక్కినప్పుడు ఊరు కనబడని వైపు కూర్చునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట కొత్తగా చేరిన ఒక అమ్మాయికి పని నేర్పుతున్నాను. "ఎక్కనివాళ్ళ ఫీజు ఎవరిది సర్?" అని అడిగింది. "వాళ్ళదే. అడిగినా అడగకపోయినా వాళ్ళదే" అన్నాను, తడుముకోకుండా. ఆ అమ్మాయి రాసుకుంది. నేనన్న మాటను ఇంకొకరు నమ్మి రాసుకోవడం చూసి నాకు చెమట పట్టింది. ఆ ఆదివారం సర్టిఫికెట్ల ఫైలు తీసుకుని చంద్రపూర్ రైలెక్కాను.

సేటుకు ఎనభై దాటాయి. కొడుకు దుకాణం నడుపుతున్నాడు, ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గుర్తుపట్టి సంతోషపడ్డారు. నేను కూర్చోకుండానే కాగితం తీశాను.

"సేటూ, ఒక శనివారం చదవాల్సింది చదవలేదు. ఇప్పుడు చదువుత."

తెలుగులో చదివాను, అప్పట్లో చదివినట్టే, ఒక్కో వాక్యం ఆగి. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"ఏ దినం వచ్చింది గిది?"

"ఫారాలు పంపకముందే. నేనే దాచిన. రైలు పోతదని."

"అయితే నా మాటతోని గాదా గడి ఖాళీ ఇడిసింది?"

"కాదు సేటూ. మీ మాట నేను అడ్డం పెట్టుకున్న."

 కోపమొస్తుందని నిలబడ్డాను. ఆయన ఊపిరి మాత్రం బరువు దించిన మనిషి ఊపిరిలా వచ్చింది. "గిన్నేండ్లు నేనే నీకు తప్పు నేర్పిన్ననుకున్న రా" అన్నారు. "నా ఒక్క మాటకు పద్దెనిమిది మంది మునిగిరని. గప్పటి సంది మాటంటేనే భయమైతుండె. కొడుక్కు సుత ఇది చెయ్యి, ఇది చెయ్యకు అని చెప్పలే."

నేను తీసుకుపోయింది ఆయన పరువు అనుకున్నాను అన్నేళ్ళూ. ఆయన నోరు కూడా తీసుకుపోయానని ఆ రోజు తెలిసింది.

"మీకు కోపం లేదా?" అన్నాను.

"ఎందుకు లేదు? చాయ్ తాగినంక తిడత."

నిజంగానే చాయ్ తాగాక తిట్టారు. గాడిదకొడకా అన్నారు, నా చదువును అన్నారు, ఇంగ్లీషును కూడా అన్నారు. కొడుకు లోపలి నుంచి వచ్చి ఆశ్చర్యంగా చూశాడు, వాళ్ళ నాన్న అంత గట్టిగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. చివర్లో, "నాకు చెప్తివి. బజారుకు ఎవడు చెప్తడు?" అన్నారు.

ఆ దీపావళికి ధర్మాదా పెట్టెలు విప్పే రోజున కమిటీని అడిగి నిలబడ్డాను. బల్లార్‌పూర్ వెళ్ళి పోశెట్టి కాకను నేనే తీసుకొచ్చాను. చెవులు సరిగా వినబడవు, ముందు వరుసలో కూర్చోబెట్టాను. కాగితం మొదట మరాఠీలో, తరువాత తెలుగులో చదివాను. గడి ఖాళీ వదిలింది ఎవరో, కాగితం దాచింది ఎవరో, సేటు చెప్పారని అబద్ధం చెప్పింది ఎవరో, పేరు పెట్టి చెప్పాను.  ఎవరూ ఓదార్చలేదు, అదే మంచిదైంది.

పోశెట్టి కాక లేచి, "గప్పుడే చెప్తే ఒక్క పూటల ఒడిసిపోవు గద బిడ్డా" అన్నాడు. తరువాత సేటు దగ్గరకు వెళ్ళి ఆయన చేయి పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. కమిటీ పెద్ద తాళంచెవి తెచ్చి సేటు ముందు పెట్టాడు. ఆయన తీసుకుని, ఆ ఏడాది పెట్టె తానే తెరిచి, మళ్ళీ వెనక్కి ఇచ్చారు. "చెయ్యి వణుకుతుంది. ఇంకెవలన్న చూసుకోండ్రి" అన్నారు. ఆ సాయంత్రం బజార్లో నడుస్తుంటే నా సంచి ఖాళీ అయినట్టు అనిపించింది. ఆ కాగితం కమిటీ దగ్గరే ఇచ్చేశాను.

ఆ తరువాత ఏడాదిన్నర పాటు నెలకొకసారి వెళ్ళాను. అంతమందికి టికెట్లు రాయించిన మనిషి ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. నేను తీసుకెళ్తానన్నాను. "ఎక్కకపోతే ఫీజు వాపసొస్తదంటివి గద. నాకు గదే లాభం" అని నవ్వారు. కొడుకుతో వాదన పెట్టుకోవడం, సరుకు ఎక్కడ కొనాలో చెప్పడం మళ్ళీ మొదలైంది. ఆయన అలా అరుస్తుంటే వినడం నాకెంత హాయిగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

పెట్టెలో రాయకుండా మిగిలిన ఒక టికెట్టు పుస్తకం, ధర్మాదా చిట్టా ఒకటి ఉన్నాయి. చిట్టాలో 'గోశాల' అన్న మాట కింద నేను దిద్దిన వంకర 'గ' ఉంది. ఈ రోజు నెల మొదటి పనిదినం. కంపెనీల లెక్కలు వచ్చాయి. మా విభాగంలో ఇప్పుడు వాటితో పాటు ఇంకో కాగితం కూడా అడుగుతాం, టికెట్టు కొని ఎక్కని వాళ్ళెందరు, వాళ్ళ ఫీజు తిరిగి ఇచ్చారా అని. నేను అడగ్గా అడగ్గా పెట్టించిన గడి అది. పొద్దున ఆ టికెట్టు పుస్తకం తిరగేసి మళ్ళీ ఎర్రబడ్డ వేళ్ళతోనే కలం పట్టుకుని ముందు దాన్ని నింపాను. ఎక్కినవాళ్ళ లెక్క తరువాత చూశాను.